బోరులో పచ్చ నీళ్లు

శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా వంటింటి కొళాయిలో పచ్చ నీళ్లు వచ్చాయి.

అప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. మొదటి కడుగు మామూలుగానే పోయింది. రెండోసారి కొళాయి తిప్పితే నీళ్లు లేత పచ్చగా దిగాయి. కాసేపట్లో రంగు ముదిరింది. గిన్నెలో బియ్యం మీద పచ్చ నీళ్లు నిలబడ్డాయి.

మా అత్త రామేశ్వరమ్మ బక్షాలకు పూర్ణం ఉండలు చేస్తోంది. తల ఎత్తి చూసింది.

"అమ్మీ, కొళాయి కట్టెయ్. ట్యాంకులో ఏమన్నా పడినట్టుండాది," అంది.

నేను కట్టలేదు. స్టోర్‌రూములోకి పోయాను. నా ఫీల్డు బ్యాగు అక్కడ ఉల్లిపాయల బుట్ట పక్కన ఉంటుంది. పెళ్లయిన కొత్తలో హాల్లో పెట్టుకునేదాన్ని. "వచ్చేపోయే వాళ్లు చూస్తే ఇంట్లో ఎలక్ట్రీషియన్ ఉన్నాడనుకుంటారు," అని మా ఆయన భూపేష్ దాన్ని అక్కడికి చేర్చాడు. బ్యాగులోంచి గోధుమరంగు గాజు సీసా తీసి, ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, నింపి, మూత బిగించాను. నల్ల కాగితం చుట్టాను. వెలుతురు తగిలితే ఆ రంగు వెలిసిపోతుంది. సీసా మీద టైము రాశాను.

ఆ రంగు నాది. శుక్రవారం ఉదయం ఆరు గంటలకు నేనే పోయించాను.

బేతంచెర్ల చుట్టుపక్కల నేల కింద ఉన్నది నాపరాయి. నాపరాయి అంటే సున్నపురాయే. పైనుంచి చూస్తే ఒకే బండలా ఉంటుంది గానీ వేల ఏళ్లుగా నీళ్లు దాన్ని కరిగించి లోపల దారులు చేసుకున్నాయి. ఆ దారులు ఎటు పోతాయో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఏడాది వాన నాలుగైదు రోజుల్లో కురిసి పోతోంది. ఆ నీళ్లు రాయి లోపల ఆగుతున్నాయా, జారిపోతున్నాయా, ఎంత వేగంగా పోతున్నాయి, ఇది మా ప్రాజెక్టు. తెలుసుకోవడానికి ఉన్న పద్ధతి ఒకటే. నేల నీళ్లను మింగేచోట రంగు పోసి, చుట్టూ ఉన్న బావుల్లో, బోర్లలో అది తేలేదాకా కాచుకోవాలి. వాడేది కంటి డాక్టర్లు పరీక్షకు వాడే రంగు. చిక్కగా ఉంటే ఎర్రగా కనిపిస్తుంది, నీళ్లలో పలచబడితే పచ్చగా మారుతుంది. హాని లేదు.

మేం ఎంచుకున్న చోటు రాయి తీసి వదిలేసిన ఒక గుంత. అడుగున పగులు ఉంది. ఎన్ని నీళ్లు పడ్డా అందులో నిలవవు. ఆ గుంత మా మామ ఓబుళరెడ్డిది. మా బండల ఫ్యాక్టరీలో రాయి పాలిష్ చేశాక వచ్చే తెల్ల బురదనీళ్లు ట్యాంకర్లలో పోయేది ఆ గుంతలోకే. గుంతకు దక్షిణంగా ముప్పావు కిలోమీటరు దూరంలో మా ఇల్లు, బోరు. ఉత్తరంగా రెండు కిలోమీటర్ల మీద రాళ్లమిట్ట ఊరు, ఆ ఊరి బావి. తమ బావిలోకి ఫ్యాక్టరీ నీళ్లు దిగుతున్నాయని రాళ్లమిట్ట వాళ్లు కలెక్టరాఫీసులో అర్జీ పెట్టారు. గుంత అడుగు బండేనని, చుక్క కూడా దిగదని ఫ్యాక్టరీల వాళ్లు జవాబు రాశారు. సోమవారం జాయింట్ కలెక్టరు విచారణకు వస్తున్నాడు. దాని గురించి మాట్లాడుకోడానికే ఆ శనివారం బండల ఫ్యాక్టరీల ఓనర్లు పద్నాలుగు మంది మా ఇంటికి భోజనానికి వచ్చారు. నేను కడుగుతున్నది వాళ్ల బియ్యం.

రంగు పోసే ముందు రాళ్లమిట్టలో పంచాయతీ తరఫున దండోరా వేయించాం. నీళ్లు పచ్చగా వస్తే భయపడొద్దని, విషం కాదని చెప్పించాం. ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. మా ఇంట్లో తెలియదు. ఇంట్లో నేను మూడుసార్లు చెప్పాను. బుధవారం రాత్రి మామకు సంగటి వడ్డిస్తూ, "మామా, మన పాత గుంతలో రంగు పోసి చూడాలనుకుంటున్నాం, మీరు ఒప్పుకుంటే," అన్నాను. ఆయన టీవీ మీదినుంచి కళ్లు తిప్పకుండా, "పోసుకో పోమ్మా, గుంతే గదా," అన్నాడు. గురువారం రాత్రి భూపేష్‌తో, "రేపు తెల్లవారగానే పోవాలి, రంగు పోస్తున్నాం," అన్నాను. "టిఫిన్ చేసిపెట్టి పో," అన్నాడు. దండోరాలో చెప్పించిన మాటల్నే ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. దాని కింద ఆడబిడ్డ శిల్ప ఒక గులాబీ పువ్వు పెట్టింది. ఇంకెవరూ ఏమీ రాయలేదు. తొమ్మిదేళ్లుగా ఇంతే. నేను ఏం చదివానో, దేనికి జీతం తీసుకుంటానో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగినవాళ్లకు మామ చెప్పేది ఒకటే: "ఇంట్లో పొద్దు పోక చేస్తాండాదిలే."

పదిన్నరకు హాల్లో బాత్రూము కొళాయిలోనూ పచ్చ నీళ్లు వచ్చాయి. చేతులు కడుక్కోబోయిన ఒక ఓనరు చూసి కేక పెట్టాడు. నేను మజ్జిగ గ్లాసుల పళ్లెంతో హాల్లోకి పోయేసరికి అందరూ నిలబడి ఉన్నారు. ఫ్యాక్టరీ వాచ్‌మన్ బసవన్నను పిలిపించారు. అతను తలుపు దగ్గరే ఆగి చెబుతున్నాడు.

"నిన్న పొద్దున చూసినా రెడ్డీ. రాళ్లమిట్ట చిన్న ఈరన్న మన గుంతలో క్యాన్లు వంచుతాండె. ఎర్రగా ఉండాయి ఆ నీళ్లు. పక్కన ఇంకొగరుండ్రి. ప్యాంటు, టోపీ, మూతికి గుడ్డ. మొగోడో ఆడామెనో తెలీల్యా."

"వాని పెండ్లాం గిడ్డమ్మే అయ్యుంటాది," అన్నాడు ఒకాయన.

"గిడ్డమ్మకు ప్యాంటు యాడిదప్పా? అర్జీ పెట్టినంక కలెక్టరిచ్చినాడా?"

ఇద్దరు ముగ్గురు నవ్వారు. చిన్న ఈరన్న ఒకప్పుడు ఆ గుంతలో రాయి కొట్టినవాడు. దిగే దారి తెలిసినవాడని నేనే కూలికి పిలిచాను. అర్జీ మీద మొదటి సంతకం అతనిది. మా మామ అప్పటికే ఎస్సైకి ఫోన్ కలిపి చెవిలో పెట్టుకుని ఉన్నాడు.

"నాగరాజ్, మా బోరులో విషం కలిపినారప్పా. పేరు చెప్తా రాసుకో."

"మామా, ఒక్క మాట," అన్నాను.

ఆయన నావైపు చూడకుండా అరచేయి ఎత్తి వంటింటి వైపు చూపించాడు. పద్నాలుగు మంది పళ్లెంలోంచి గ్లాసులు తీసుకున్నారు. ప్యాంటు వేసుకున్న ఆ మనిషి మజ్జిగ తెచ్చిన మనిషేనని వాళ్లలో ఎవరికీ తట్టలేదు. అందరి ముందూ చెబితే మామ పరువు పోతుందని ఆగాను. ఆగడం నాకు అలవాటు. ముందు లోపల చెప్పాలి, లోపల ఒప్పించాలి, బయట వాళ్లే చెప్పుకునేటట్టు చూడాలి. పెళ్లయిన నాటినుంచి నేను ఈ ఇంట్లో ఏ పని సాధించుకున్నా ఇట్లాగే సాధించుకున్నాను. ఫీల్డుకు పోవడం కూడా.

భూపేష్‌ను వంటింట్లోకి పిలిచి చెప్పాను. అతను ముఖం తుడుచుకున్నాడు. "ఎవురితోనన్నా అన్యావా?" అని అడిగాడు. లేదన్నాను. పోయి వాళ్ల నాన్నను స్టోర్‌రూములోకి పిలుచుకొచ్చాడు. అప్పటికి పదకొండయింది.

"విషం కాదు మామా. నేను పోయించిన రంగు. మీరే పోసుకోమన్నారు."

"నేనెప్పుడంటిని?"

"బుధవారం రాత్రి. సంగటి తింటా ఉన్నప్పుడు."

ఆయన బియ్యం మూట మీద కూర్చున్నాడు. కాసేపు నా ఫీల్డు బ్యాగును చూశాడు.

"గుంతలో పోస్తే బోరులోకి ఎట్లొచ్చె?"

నేను చెప్పాను. పగుళ్ల గురించి, రాయి కరగడం గురించి, మన మోటరు లాగే కొద్దీ నీళ్లు ఇటు తిరగడం గురించి. ఆయన మధ్యలో ఆపలేదు.

"ఎంతసేపట్లో వచ్చె?"

"ఒక రోజు, మీద నాలుగు గంటలు."

"రంగొచ్చినట్ల మన ఫ్యాక్టరీ నీళ్లు గూడా వస్తాయా?"

"వస్తాయి మామా. నీళ్లలో కలిసిపోయేదంతా వస్తుంది."

"రాళ్లమిట్ట బావికి?"

"ఇంకా రాలేదు. వస్తుందో రాదో ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది."

ఆయన నా పని గురించి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అడగవలసిన ప్రశ్నలను అడగవలసిన వరుసలో అడిగాడు. ఈ సంగతి చెప్పుకోవడం కష్టంగానే ఉంది, కానీ ఆ పది నిమిషాలు నాకు సంతోషమేసింది. స్టోర్‌రూములో, ఉల్లిపాయల మధ్య, ఈ ఇంటి పెద్ద నా మాట వింటున్నాడు. ఇంకొక ప్రశ్న అడిగితే పటం తీసి చూపిద్దామని కూడా అనుకున్నాను.

ఆయన లేచాడు.

"ఈ మాట ఈ గది దాటగూడదు. సోమవారం దాకా నువ్వు రంగు పోయల్యా, మేము విన్ల్యా."

"మరి ఈరన్న మామా? పోలీసులు ఇంటికి పోయింటారు."

"వానికేమైతాదిలే. రెండు దినాలు కూకోబెట్టి పంపిస్తారు."

"వాడు చేయని పనికి..."

"అమ్మా," అన్నాడు. కోపంగా అనలేదు. "నీ రంగని తెలిస్తే, గుంత నీళ్లు బోరుకొస్తాయని తెలిసినట్టే గదా. నాకర్థమైంది జేసీకి అర్థం కాదా? వాడు విషం కలిపినాడంటే అది వాడొక్కని గొడవ. నీ రంగంటే మన ఫ్యాక్టరీ మూతబడతాది. ఈడ కూకున్న పద్నాలుగు మందివీ మూతబడతాయి."

భూపేష్ నన్ను చూసి, "ఆ సీసాలు గూడా పారబొయ్," అన్నాడు. "సోమవారం అయినంక మళ్లీ పోసుకుందువు గానీ. నీకేం, రంగే గదా."

ఇద్దరూ హాల్లోకి పోయారు. నేను వంటింట్లోంచి మా ప్రాజెక్టు హెడ్ సుధీర్ సారుకు ఫోన్ చేశాను. ఆయన హైదరాబాదులో ఉంటాడు. ఈ ఫీల్డు నాకిచ్చినప్పుడు, "మీ అత్తగారిల్లు అక్కడే కదా, లాడ్జి ఖర్చు మిగులుతుంది," అన్నాడు. అంతా విన్నాడు. ఒక రోజులో ముప్పావు కిలోమీటరా అని ఆశ్చర్యపోయాడు. పోలీసుల సంగతి దగ్గర గొంతు తగ్గించాడు. "అది కుటుంబ విషయం యామినీ. సున్నితంగా నువ్వే చూసుకో. గంట గంటకీ శాంపిల్ మాత్రం మిస్సవకు," అన్నాడు.

పన్నెండు దాటాక హాల్లో మామ చెబుతుంటే భూపేష్ తెల్ల కాగితం మీద రాశాడు. తలుపు సందులోంచి నాకు వినబడుతూనే ఉంది. రాళ్లమిట్ట గ్రామస్తుడు చిన్న ఈరన్న, పాత కక్షతో, మా కుటుంబాన్ని చంపాలనే ఉద్దేశంతో. మామ సంతకం చేశాడు. భూపేష్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని కారు తీశాడు.

నేను పచ్చ బియ్యం పక్కకు పెట్టి, క్యాన్ నీళ్లతో వేరే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. క్యాన్ నీళ్లు హాల్లోకి. వంటింట్లో మేం తాగేది కొళాయి నీళ్లే. అత్త బక్షాలు కాలుస్తూ అంతా వింది. స్టోర్‌రూముకు, వంటింటికి మధ్య ఉన్నది సగం గోడ. స్కూటీ తాళాలు తీసుకుంటుంటే చూసింది.

"యాడికి?"

"స్టేషనుకు అత్తా."

"మొగుని మీద చెప్పనీకి పోతాండావా?"

"నా పని గురించి చెప్పడానికి."

ఆమె బక్షం పెనం మీద తిరగేసింది.

"వడ్డించి పో," అంది. "వడ్డించకపోతే అందురూ కోడలు యాడ అని అడుగుతారు. తిన్యాక ఎవురూ అడగరు."

ఆమె నన్ను ఆపుతోందో, దారి చెబుతోందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు. వడ్డించాను. పప్పు, కోడికూర, అన్నం, బక్షాల మీద నెయ్యి. ఎవరో, "ఈ కేసుతో వాళ్ల అర్జీ పాయె. విషం పోసినోని మాట జేసీ యాడ వింటాడు," అన్నాడు. ఇంకొకాయన విస్తరి మీద చేయి అడ్డం పెట్టి, "మేడం నీళ్ల డిపార్టుమెంటంట గదా. మా ఫ్యాక్టరీకొచ్చి ఒగ బోరు పాయింటు చూసిపెట్టల్ల," అన్నాడు. మామ నవ్వాడు. "అట్లాంటి ఉద్యోగం గాదులేప్పా అది. గుంతలు కొలుస్తాది," అన్నాడు. భూపేష్ తిరిగొచ్చి బంతిలో కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. రెండో బక్షం వేయబోతే చాలన్నాడు.

అందరూ చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు నేను వెనక తలుపున బయటపడ్డాను. బ్యాగు తీసుకున్నాను. అందులో గంటకొకటి చొప్పున నింపిన నాలుగు సీసాలున్నాయి.

స్టేషను ముందు వేపచెట్టు కింద గిడ్డమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"దండోరా వేసేదీ మీరే, పట్టకపోయేదీ మీరే," అంది.

"నేను ఇప్పుడే..."

"మా ఆయప్ప చెప్పినాడు. యామినమ్మే కూలికి పిల్సింది, ఆయమ్మనే అడగండప్పా అని. మీ ఇంటాయప్ప వచ్చి ఏం జెప్పినాడో తెలుసునా? నువ్వు నిన్న గడప దాటల్యా అని చెప్పినాడంట. ఒగ దెబ్బ గూడా ఏసినారు వాన్ని. అబద్ధమాడతాండావా అని."

ఫిర్యాదు రాసింది నాకు తెలుసు. ఇది తెలియదు. ఒక మనిషి నా పేరు చెప్పాడు, నేను అక్కడ లేనని నా మొగుడు చెప్పాడు, నా పేరు చెప్పిన మనిషికి దెబ్బ పడింది. ఆ సమయానికి నేను నెయ్యి కాస్తున్నాను. వడ్డించి పొమ్మంటే వడ్డించాను. ఆ బంతి ఎంతసేపు సాగిందో అంతసేపూ అతను లోపల ఉన్నాడు.

"నీళ్లలో రంగొచ్చిందా?" అని గిడ్డమ్మను అడిగాను. ఇంకేం అడగాలో తెలియలేదు.

"ఇంగా రాల్యా. చూడమని పిల్లోళ్లకు చెప్పొచ్చినా," అంది. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పో, లోపలికి పో."

ఎస్సై నాగరాజ్ లేచి కుర్చీ చూపించాడు.

"రెడ్డిగారి కోడలు మీరు ఈడికి రావడమేంది మేడం? ఫోన్ చేసింటే సరిపోయేది."

చెప్పాను. తహసీల్దారు ఆఫీసుకు మేం ముందే ఇచ్చిన సమాచారం ఫోనులో చూపించాను. దండోరా వీడియో చూపించాను. వీడియోలో డప్పు పక్కన ప్యాంటు, టోపీతో నిలబడ్డది నేనే. అతను రెండుసార్లు చూశాడు.

"నిన్న పొద్దున మీరు ఇంట్లోనే ఉన్నారని భూపేష్ సార్ చెప్పినాడే?"

"నిన్న ఆయన లేచేసరికి ఎనిమిదిన్నర. ఆరు గంటలకు నేను గుంత దగ్గర ఉన్నాను. టిఫినుకు ఉగ్గాని చేసి మూత పెట్టి పోయాను. మూత తీసి తిన్నాడు. నేను ఇంట్లో ఉన్నానో లేనో చూసుకోలేదు."

ఎస్సై నవ్వబోయి ఆగాడు. కానిస్టేబుల్‌ను బయటికి పంపి తలుపు దగ్గరికి వేశాడు.

"మేడం, ఇంటికి పోయి మాట్లాడుకొని రండి. సాయంత్రం ఎట్లయినా వాన్ని వదిలేస్తాలే."

"కేసు?"

"కేసు సంగతి సోమవారం చూద్దాం."

"సోమవారం విచారణ ఉంది. నా స్టేట్‌మెంటు ఇప్పుడే రాసుకోండి."

అతను మా ఇంటికి ఫోన్ చేశాడు. అవతల మామ. "ఆఁ రెడ్డీ, ఈడే ఉండాది... చెప్తాండా... వినడంల్యా," అంటూ ఫోను నాకు అందించాడు. నేను చేయి చాపలేదు. ఫోనులోంచి మామ గొంతు కొంతసేపు వినబడింది. తర్వాత ఎస్సై దాన్ని కట్ చేసి బల్ల మీద బోర్లా పెట్టాడు.

రాయడం మొదలుపెట్టాడు. పేరు. చదువు. ఉద్యోగం. రంగు పేరు, ఎంత పోశాం, ఏ సర్వే నంబరులో. గుంత ఎవరిది అన్నాడు. ఓబుళరెడ్డిది అన్నాను. బోరు ఎవరిది అన్నాడు. ఓబుళరెడ్డిదే అన్నాను. పోసింది ఎవరు చెబితే అన్నాడు. నేను చెబితే చిన్న ఈరన్న పోశాడు, కూలికి, అన్నాను. ఒక పేజీ నిండింది. అతను పెన్ను ఆపకుండానే, నాకు మేలు చేస్తున్న గొంతుతో అన్నాడు:

"రెడ్డిగారికి ఈ రంగు సంగతి తెలీదు. తెలీక, భయపడి ఫిర్యాదు ఇచ్చినాడు. అట్లా రాసుకుంటా. అందరికీ మర్యాదగా ఉంటాది. ఏమంటారు?"

ఒప్పుకుంటే ఈరన్న బయటికొస్తాడు. నేను ఇంటికి పోవచ్చు. సాయంత్రం కాఫీ పెట్టవచ్చు. వారం మాట్లాడరు, తర్వాత మాట్లాడతారు. బ్యాగు మళ్లీ ఉల్లిపాయల పక్కన ఉంటుంది. అంత తేలిక అది. నాకు చెప్పి మరీ తలుపు తెరిచి పెట్టాడు అతను.

"తెలుసు," అన్నాను. "పదకొండు గంటలకు నేనే చెప్పాను. ఇద్దరికీ. ఫిర్యాదు రాసింది పన్నెండు దాటాక."

పెన్ను ఆగింది.

"మేడం, అది రాస్తే తెలిసి పెట్టిన తప్పుడు ఫిర్యాదవుతాది. మీ మామ. మీ ఆయన."

"రాయండి."

అతను రాయలేదు. కాగితం నా వైపు తిప్పాడు. పెన్ను దాని మీద పెట్టాడు.

"అది మాత్రం మీ చేత్తో రాయండి," అన్నాడు.

రాశాను. సంతకం చేశాను. ఒక కాపీ ఇమ్మని అడిగాను, ఇచ్చాడు.

నాలుగు గంటలకు చిన్న ఈరన్నను పంపించారు. ఎడమ చెంప వాచి ఉంది. ముగ్గురం రాళ్లమిట్టకు పోయాం. ఆ రాత్రి నేను ఇంటికి పోలేదు. ఆదివారం ఉదయం ఏడు గంటలకు గిడ్డమ్మ ఊరి బావిలోంచి చేదిన మొదటి బిందెలో నీళ్లు పచ్చగా ఉన్నాయి.